బండి రాలేదు, క్యాన్సిల్ అంటే అడ్వాన్సులో కోత అంటున్నారు. ఏం చెయ్యాలి?

చీపురుపల్లి వాసి:

అందరికీ నమస్కారం. విజయనగరం షోరూమ్‌లో ఒక కాంపాక్ట్ ఎస్‌యూవీ బుక్ చేశాం. పెట్రోల్ ఆటోమేటిక్, తెలుపు. అడ్వాన్సు రూ.25,000. దసరాకి ఇంటి ముందు ఉంటుందన్నారు. దసరా పోయింది, పైడితల్లమ్మ సిరిమాను పండగా పోయింది, ఎప్పుడడిగినా "కంపెనీ నుంచి రావట్లేదండి" అన్న మాటే. గ్రే రంగయితే ఈ వారమే ఇస్తారట. లేదా రూ.40,000 యాక్సెసరీస్ ప్యాక్ తీసుకుంటే తెలుపులోనే ముందుకు తెస్తారట. క్యాన్సిల్ చేస్తామంటే అడ్వాన్సు మీద జీఎస్టీ కట్టేశాం, రూ.5,000 పట్టుకుంటాం అంటున్నారు. పైగా లోన్ శాంక్షన్ అయింది కదా, డీవో (డెలివరీ ఆర్డర్, డీలర్‌కి లోన్ డబ్బు ఇస్తామని బ్యాంకు ఇచ్చే కాగితం) వేయించేయండి, బండి తొందరగా వస్తుందని ఒకటే ఫోన్లు. డీలర్ హెడ్డాఫీసు విశాఖలో ఉంది. డీవో వేయించవచ్చా? ఈ కోత న్యాయమేనా? ఫిర్యాదు చేయాలంటే విశాఖ వెళ్లాలా?

నాగావళి గట్టు:

డీవో మాత్రం ఆపండి, దాని సంగతి లోన్లు చూసేవాళ్లు చెబుతారు. నేను బుకింగ్ సంగతి చెబుతా.

షోరూమ్ ఇచ్చిన రసీదు నంబరు వేరు, కంపెనీ సిస్టమ్‌లో పడే ఆర్డర్ నంబరు వేరు. అడ్వాన్సు తీసుకుని వెంటనే సిస్టమ్‌లో ఎక్కించని షోరూమ్‌లు ఉన్నాయి. మీ వరస మొదలయ్యేది ఎక్కించిన రోజు నుంచే. కాబట్టి ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, బుకింగ్‌లో ఇచ్చిన మొబైల్ నంబరు చెప్పి, ఏ వేరియంట్, ఏ రంగు, ఏ తేదీన ఎక్కిందో అడగండి. ఆ వివరాలే ఈమెయిల్‌లో కూడా పంపమనండి. ఆ తేదీ మీ రసీదు తేదీకి చాలా రోజుల తర్వాత ఉంటే ఆలస్యం కంపెనీది కాదు, షోరూమ్‌దే.

తర్వాత సేల్స్ మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టండి. మూడే ప్రశ్నలు: నా ఆర్డర్‌కి బండి అలాట్ అయిందా, అయితే చాసిస్ నంబరెంత, ఇప్పుడు బండి ఎక్కడుంది (ఫ్యాక్టరీలోనా, దారిలోనా, విశాఖ స్టాక్‌యార్డులోనా). చాసిస్ నంబరు చెప్పలేదంటే మీ పేరున ఇంకా బండి లేదనే లెక్క. "ఈ నెలాఖరుకి" అని ఫోన్‌లో ఎంత గట్టిగా చెప్పినా పట్టించుకోకండి.

రూ.40,000 ప్యాక్ మాట ఈమెయిల్‌లో రాసి పంపమని అడగండి. చాలాసార్లు అక్కడితోనే ఆ మాట ఆగిపోతుంది. యాక్సెసరీస్ కొనడం, ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవడం మీ ఇష్టం మీద ఆధారపడినవి. వాటిని డెలివరీకి ముడిపెట్టడం అన్యాయం, ఫిర్యాదులో అదే మీకు బలం.

గ్రే బండి వెంటనే ఉందంటే అది ఎప్పుడు తయారైందో చూడాలి. చాసిస్ నంబరు 17 అక్షరాలుంటుంది. చాలా కంపెనీల్లో పదో అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది: 2024కి ఆర్, 2025కి ఎస్, 2026కి టీ. డీలర్ ఇచ్చే ఫారం 21 (అమ్మకపు సర్టిఫికెట్)లో తయారైన నెల, సంవత్సరం రాయాలి. టైరు పక్కన నాలుగంకెలు కూడా చూడండి. 3225 అని ఉంటే 2025లో 32వ వారం అని. అయిదు టైర్లూ చూడండి, స్టెప్నీతో సహా. ఎండలో నెలల తరబడి నిలబెట్టిన బండయితే బ్యాటరీ దిగిపోతుంది, వైపర్ రబ్బర్లు ఎండిపోతాయి. అలాంటిది తీసుకుంటే తగ్గింపు గట్టిగా అడగాలి. ఒకసారి గ్రేకి మార్చి, మళ్లీ తెలుపే కావాలంటే పాత వరస పోయే ప్రమాదం ఉంది. అందుకే మార్చకముందు బండి కళ్లారా చూడండి.

ధర సంగతి. "డెలివరీ నాటి ధరే వర్తిస్తుంది" అని దాదాపు ప్రతి బుకింగ్ ఫారంలో ఉంటుంది. పెరిగినప్పుడు అది మనకి భారమే, కానీ తగ్గినప్పుడు మనకీ వర్తించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్లకి జీఎస్టీ 18 శాతమే. మీ బండి ఆ కొలతల్లోకి వస్తే, కొటేషన్ అంతకుముందుదైతే కొత్తది రాయించుకోండి.

లోన్ డెస్క్:

డీవో పడితే బండి తొందరగా రాదు. డీలర్ ఖాతాలోకి డబ్బు తొందరగా వెళుతుంది, అంతే. డబ్బు విడుదలైన రోజు నుంచే మీకు వడ్డీ మొదలు. బండి ఎక్కడున్నా మొదటి కిస్తీ తేదీ ఆగదు. బ్రాంచి మేనేజర్‌కి ఒక చిన్న ఉత్తరం ఇవ్వండి: "చాసిస్, ఇంజిన్ నంబర్లున్న ఇన్‌వాయిస్ చూపించి, నేను లిఖితపూర్వకంగా చెప్పేదాకా డబ్బు విడుదల చేయవద్దు." దాని కాపీ మీద బ్యాంకు స్టాంపు వేయించుకోండి.

శాంక్షన్ లెటర్‌కి గడువుంటుంది. అది దాటితే వడ్డీరేటు, సిబిల్ (అప్పుల చెల్లింపు స్కోరు) మళ్లీ చూస్తారు, కాబట్టి గడువు తేదీ ఇప్పుడే చూసుకోండి. ఒకవేళ డబ్బు వెళ్లాక క్యాన్సిల్ అయితే డీలర్ ఆ మొత్తాన్ని నేరుగా లోన్ ఖాతాకే తిప్పి పంపాలి. మీ చేతికిస్తాం, మీరు కట్టుకోండి అంటే ఒప్పుకోవద్దు. ఆ మధ్య రోజుల వడ్డీ ఎంతో బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ తీసుకుంటే, డీలర్‌ని అడిగే నష్టంలో అది కలపొచ్చు.

చీపురుపల్లి వాసి:

చాలా ఉపయోగపడే మాటలు. ఇంకో రెండు సంగతులు. రూ.25,000లో రూ.10,000 సేల్స్ ఎగ్జిక్యూటివ్ సొంత ఫోన్‌పేకి వేయించుకున్నారు. షోరూమ్ రసీదు రూ.15,000కే ఉంది, ఆయన ఇప్పుడు అక్కడ లేరు. బుకింగ్ ఫారం వెనకాల "అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు" అని చిన్న అక్షరాల్లో ఉంది, కింద నా సంతకం ఉంది.

ఏడు రోడ్ల జంక్షన్:

ముందు ఆ రూ.10,000 సంగతి. ఇది ఆలస్యం చేస్తే చేజారిపోతుంది. యూపీఐ లావాదేవీ నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్, అదే రోజు బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆయన డబ్బు అడిగిన వాట్సాప్ చాట్, ఈ మూడూ జతచేసి డీలర్ జనరల్ మేనేజర్‌కి ఇవాళే ఈమెయిల్ పంపండి. "మీ ఉద్యోగి మీ షోరూమ్‌లో, బుకింగ్ కోసమే తీసుకున్నారు, రసీదు ఇవ్వండి" అని రాయండి. చాట్ చెరపకండి, ఫోన్ మార్చకండి. వినియోగదారుల కమిషన్ ముందు పెట్టాల్సివస్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఇకపై ఎవరికి కట్టినా డీలర్ సంస్థ పేరున ఉన్న ఖాతాకే కట్టండి.

జీఎస్టీ సాకు నిలబడదు. వస్తువుల మీద తీసుకున్న అడ్వాన్సుకి జీఎస్టీ కట్టనక్కర్లేదని 2017 నవంబరు 15 నుంచే ఉంది. ట్యాక్స్ ఇన్‌వాయిస్ కొట్టాకే పన్ను. మీకు బండే అలాట్ కాలేదు, ఇన్‌వాయిస్ ఎక్కడిది? కట్టామంటే చలానా, ఇన్‌వాయిస్ కాపీ ఇమ్మనండి.

"వాపసు ఇవ్వబడదు" అన్న షరతు చూసి వెనక్కి తగ్గకండి. కొనేవాడు మనసు మార్చుకోవడం వేరు, అమ్మేవాడు బండి ఇవ్వలేకపోవడం వేరు. మీ ఉత్తరంలో ఆ తేడా కనబడాలి. "నాకు వద్దు" అని రాయొద్దు. "దసరాకి ఇస్తామన్నారు, ఇవ్వలేదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో చాసిస్ నంబరు చెప్పి డెలివరీ తేదీ రాసివ్వండి. లేకుంటే మీ వైఫల్యం వల్ల బుకింగ్ రద్దయినట్టే, రూ.25,000 మొత్తం నా ఖాతాకి పంపండి" అని రాయండి. ఆర్డర్ నంబరు, రసీదు నంబరు, ఖాతా వివరాలు వేయండి. దసరా మాట ఎక్కడైనా మెసేజ్‌లో ఉంటే దాని కాపీ పెట్టండి. ఫారంలో తేదీ లేకపోతే మీకు ఆధారం అదే. విజయనగరం బ్రాంచికి, విశాఖ హెడ్డాఫీసుకి విడివిడిగా స్పీడ్‌పోస్టులో పంపి, అందినట్టు ట్రాకింగ్ ప్రింటు తీసుకోండి. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ కాపీ వెళ్లాలి.

గడువు దాటితే 1915కి ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు ఆర్డర్లు వేయలేరు, కానీ ఫిర్యాదు కంపెనీకి చేరేసరికి చాలా రిఫండ్లు అక్కడే తేలతాయి.

తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. విశాఖ వెళ్లక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉన్న చోటే వేయొచ్చు, మీకు విజయనగరమే. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. ఫిర్యాదు, నోటరీ చేయించిన అఫిడవిట్, కాగితాల కాపీలు తేదీల వరసలో పెట్టాలి. రెండేళ్లలోపు వేయాలి. వస్తువుని ల్యాబ్‌లో పరీక్షించే అవసరం లేని కేసు మూడు నెలల్లో తేలాలని చట్టం. ఆచరణలో ఎక్కువే పడుతుంది.

కంపెనీని కూడా పార్టీగా చేర్చండి, కానీ పూర్తి ఆశ దాని మీద పెట్టుకోవద్దు. గోవాలో 2009 మోడల్ కారుని డీలర్ 2011లో కొత్తదిగా అమ్మిన కేసులో, తయారీదారుకి తెలిసి జరిగిందని రుజువైతే తప్ప డీలర్ చేసినదానికి తయారీదారు బాధ్యత లేదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ డబ్బు తీసుకున్నది డీలర్, కేసు కూడా డీలర్ మీదే గట్టిగా కట్టాలి.

రాజాం రోడ్డు:

పాత బండి ఎక్స్‌ఛేంజిలో పెట్టారా? పెడితే కొత్త బండి చాసిస్ నంబరు రాకుండా తాళాలు ఇవ్వొద్దు. ఫారం 29, 30 (బండిని ఇంకొకరి పేరుకి మార్చే ఫారాలు) మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేస్తే, ఆర్సీ మారేదాకా చలాన్లు, యాక్సిడెంట్ కేసులు మీ పేరునే వస్తాయి. ఇప్పటికే ఇచ్చి ఉంటే అప్పగించిన తేదీ, టైము, కిలోమీటర్ల రీడింగు వేసి డెలివరీ నోట్ రాయించుకోండి. బుకింగ్ క్యాన్సిల్ ఉత్తరంలోనే ఆ బండి వాపసు కూడా అడగండి.