అప్‌డేట్: స్ట్రోక్ తర్వాత నాన్నకి నిద్రలో ఊపిరి ఆగడం, కారణం దొరికింది

నెల క్రితం ఇక్కడే అడిగాను, బ్రెయిన్‌స్టెమ్ (మెదడుని వెన్నుపాముతో కలిపే కాండం) స్ట్రోక్ వచ్చాక నాన్న మెలకువగా ఉంటే ఊపిరి బాగానే తీసుకుంటున్నారు, నిద్రపోతే మధ్యమధ్యలో ఆగిపోతోంది అని. సాయం చేసిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా ముందు స్లీప్ స్టడీ చేయించమన్నవాళ్లకి, అదే దారి చూపించింది.

ఇక్కడ బెంగళూరులోనే రాత్రంతా వైర్లు పెట్టి చూశారు. మామూలు గురక జబ్బులో గొంతు మూసుకుపోయినా ఛాతీ లాగుతూనే ఉంటుందట, నాన్నకి ఆ లాగడమే లేదు, అంటే ఊపిరి తీసుకోమనే సిగ్నలే రావట్లేదు, దీన్ని సెంట్రల్ స్లీప్ ఆప్నియా అంటారు. న్యూరాలజిస్టు ఎంఆర్ఐ చూపించి చెప్పారు, దెబ్బ తిన్నది మెడుల్లా, అంటే బ్రెయిన్‌స్టెమ్‌లో కింది భాగం, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పసిగట్టి ఊపిరి తీయించేది ప్రధానంగా అదే, మెలకువలో పైమెదడు కూడా తోడుంటుంది, నిద్రలో ఆ తోడు పోతుంది. మింగలేకపోవడం, గొంతు బొంగురు, ఆగని వెక్కిళ్లు కూడా అక్కడి నుంచేనట, మేం గ్యాస్ అనుకుని పది రోజులు టాబ్లెట్లు వేశాం, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

పనిచేసింది బ్యాకప్ రేటు ఉన్న బైపాప్, అంటే మాస్కు ద్వారా గాలి తోసే మెషిన్, ఊపిరి రాకపోతే అదే ఇస్తుంది. ముక్కు దూలం సర్జరీ చేయించమని వచ్చిన సలహాకి మా కేసులో సంబంధం లేదు. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అద్దెకు తెచ్చాం, వేలికి పెట్టే మీటర్లో ఆక్సిజన్ అంకె బాగా కనిపించేది గానీ లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటూనే ఉందని ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల్ని కొలిచే) టెస్టులో తేలింది, దయచేసి ఆ అంకె ఒక్కటీ చూసి ధైర్యంగా ఉండకండి. నిద్రమాత్ర కూడా డాక్టరు ఆపించారు.

ఆహారం ఇవ్వడానికి పెట్టిన ముక్కు ట్యూబు ఇంకా ఉంది, స్పీచ్ థెరపిస్టు మింగడం నేర్పిస్తున్నారు. నిన్న ఆవిడ ఎదుటే నాన్న రెండు చెంచాల చిక్కటి రాగిజావ పొలమారకుండా మింగారు.