భుజము కోటి తెలియఁ బలుకునా, పుట్టునా?

హనుమకొండ మేనమామ
నిన్న రాత్రి మేనకోడలు పదో తరగతి లెక్కలు ముందేసుకుని కూర్చుంది. గోడ మీద 12 అడుగుల ఎత్తుకు అందేలా, మొదలు గోడకు 9 అడుగుల దూరంలో ఉండేలా నిచ్చెన వేస్తే దాని పొడవెంత? నోరు తెరవగానే మా తాతయ్య చదివే పాదం ఒకటి వచ్చింది:

భుజము కోటి తెలియఁ బలుకును కర్ణము

భుజం, కోటి అంటే లంబకోణం దగ్గర కలిసే రెండు వైపులు, కర్ణం వాటికి ఎదురుగా ఉన్న వాలు. అక్కడితో సరి. రెండో పాదం ఎంత తన్నుకున్నా రావడం లేదు. ఇల్లు కట్టించే రోజుల్లో మేస్త్రీ తాడు పట్టి 3, 4, 5 అడుగులు కొలిచి మూల సరిచూస్తుంటే తాతయ్య పక్కన నిలబడి ఇది చదివేవారు. మేస్త్రీ ఆ ఐదడుగుల కొలతను ‘క్రాసు’ అంటే, ఈయన ‘కర్ణం’ అని దిద్దేవారు. మిగతా పద్యం ఎవరికైనా వచ్చా?

కరీంనగర్ ఛందోప్రియుడు
మిగతాది తరువాత. ముందు ఈ పాదం సంగతి చూడండి. ఆటవెలది గణాలు నిక్షేపంగా ఉన్నాయి, యతి పోయింది. పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవాలి కదా. ‘భు’కు ‘బ’ ఎలా చెల్లుతుంది? హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. వాటి పక్క అక్షరాలు కలిసే ప్రాసయతి అని సరిపెట్టుకుందామంటే జకారానికి లకారం వచ్చి కూర్చుంది. అది ‘తెలియఁ బుట్టును కర్ణము’ అయి ఉండాలి.

హనుమకొండ మేనమామ
‘బలుకును’ అనే అనేవారండీ. సరిగ్గా ఆ ‘బ’ దగ్గర చిటికె వేసేవారు.

కరీంనగర్ ఛందోప్రియుడు
చిటికె వేసినంత మాత్రాన యతి కుదరదు.

కాజీపేట
యతి మాట అటుంచండి. కర్ణం అంటే చెవి. చెవి వింటుంది గానీ పలకడమేమిటి? అసలు పాఠం ‘కరణము’ అని నా అనుమానం. ఒకప్పుడు పొలం కొలిచి లెక్క పలికేది ఊరి కరణమే కదా. కర్ణము భగణం, కరణము నలము. రెండూ ఆ చోట రావలసిన ఇంద్రగణాలే కాబట్టి ఛందస్సు కూడా అడ్డురాదు.

పరకాల లెక్కల సార్
మన వైపు కరణం ఎక్కడివాడు, ఆ పనికి ఉండేది పట్వారీ కదా? పట్వారీ పలికితే మగణమై పాదం విరుగుతుంది.

చెవి సంగతి నేను చెబుతాను. లెక్కల్లో ఈ మాటలన్నీ వింటి నుంచి వచ్చినవేనని నా ఊహ. చాపం విల్లు, జ్య అల్లెతాడు, శరం బాణం. ఎక్కుపెట్టిన విల్లును ఒకసారి తలచుకోండి. చాచిన చెయ్యి భుజం. పిడికిలి నుంచి వింటికొప్పు దాకా కోటి. నిఘంటువులో కోటికి వింటికొప్పు అన్న అర్థం ఉంది, చూసుకోవచ్చు. ఆ కొప్పు నుంచి చెవిదాకా లాగిన తాడు కర్ణం. ఆకర్ణాంతం లాగడం అంటే ఇదే. పిడికిలి దగ్గర లంబకోణం.

కాజీపేట
సార్, లాగిన విల్లు వంగుతుంది కదా. వంగిన కోటితో లంబకోణ త్రిభుజం ఎలా వస్తుంది? పైగా యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల్లో బౌధాయనుడు దీర్ఘచతురస్రానికి అడ్డంగా పట్టిన తాడును ‘అక్ష్ణయా రజ్జువు’ అన్నాడు. అక్కడ చెవి లేదు, విల్లూ లేదు.

పరకాల లెక్కల సార్
బౌధాయనుడిది యజ్ఞవేదిక, ఆర్యభటుడిది ఆకాశం. భుజావర్గం, కోటీవర్గం కలిపితే కర్ణవర్గమని ఆర్యభటుడు కర్ణం పేరు పెట్టే చెప్పాడు. విల్లు కొంచెం వంగితే వంగనివ్వండి.

ఇక నా అసలు పేచీ ‘తెలియ’ దగ్గర. ఈ పాదం లంబకోణం ఉన్నచోటే పలుకుతుంది, ఆ మాట మాత్రం చెప్పదు. 13, 14, 15 భుజాల త్రిభుజం ఇచ్చి చూడండి, నోరు మెదపదు. 14ను భూమిగా పెట్టి లంబం దించాలి. భూమి 5, 9గా చీలుతుంది. ఆ ముక్కలే ఆబాధలు. లంబం 12. అప్పుడు ఒక త్రిభుజంలో రెండు లంబకోణ త్రిభుజాలు దొరుకుతాయి. భాస్కరాచార్యుడి లీలావతిలో ఉన్న లెక్కే. అన్నట్టు మేనకోడలి నిచ్చెన కూడా అక్కడ ఉంది, నెమలి వేషంలో. 9 మూరల స్తంభం మీద నెమలి, స్తంభం మొదట్లో పుట్ట, 27 మూరల దూరం నుంచి పుట్టవైపు వస్తున్న పాము. రెండూ సమాన వేగంతో కదిలితే పుట్టకు 12 మూరల దూరంలో కలుసుకుంటాయి. నెమలి దూకిన వాలు 15.

జనగామ
పోతనగారి బమ్మెర పక్కనే ఉండి ఊరుకోవడం నా వల్ల కాదు. ‘పలుకును’ తీసేయకండి. పలికేది భాగవతమట, పలికించేవాడు రాముడట. ఇక్కడ భుజమూ కోటీ పలికిస్తే కర్ణం పలుకుతుంది. ఇక చెవి, కోణం రెండూ కావాలంటే వామనుడు పెరిగే ఘట్టానికి రండి. సూర్యబింబం మొదట గొడుగు, తరువాత శిరోరత్నం, ఆ తరువాత చెవికి ఆభరణం, చివరికి పాదపీఠం. నడినెత్తిన ఉన్నప్పుడు ఊర్ధ్వకోణం 90 డిగ్రీలు. చెవి దగ్గరికి వచ్చేసరికి ఇంచుమించు సున్న. మెడ దాటిందా, ఇక అంతా నిమ్నకోణమే. ఒక్క పద్యంలో త్రికోణమితి పాఠం మొత్తం చెప్పేశాడు మహానుభావుడు.

కరీంనగర్ ఛందోప్రియుడు
పోతన యతి తప్పలేదు కదండీ. నా గోల అదే.

హనుమకొండ మేనమామ
నేను అడిగింది రెండో పాదం. మేనకోడలు 15 అని వేసి ఎప్పుడో నిద్రపోయింది.

కరీంనగర్ ఛందోప్రియుడు
‘వర్గములను గూర్చి పదము గొనఁగ’ అయి ఉంటుంది. ఆటవెలది రెండో పాదానికి కావలసినట్టు ఐదూ సూర్యగణాలే. వకు ప చెల్లుతుంది. పాత గణితంలో పదమంటే వర్గమూలమే.

హనుమకొండ మేనమామ
‘వర్గములను గూర్చి’ దాకా అదేనండీ! ఇప్పుడు గుర్తొచ్చింది. కానీ ఆ తరువాత ‘పదము’ కాదు, ‘మూల’ అని ఏదో ఉంది.

కరీంనగర్ ఛందోప్రియుడు
వకు మూ చెల్లదు.

హనుమకొండ మేనమామ
చెల్లదు సరే. అక్కడా చిటికె వేసేవారు.