డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను తేదీ చూసి ఖాళీ చేయడం సరైన పద్ధతేనా?

మెదక్ చదువరి:
సభ్యులందరికీ నమస్కారం. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 256 జీబీల ఎస్‌ఎస్‌డీ. విండోస్ దానిని 238గా చూపిస్తుంది. అందులో సింహభాగాన్ని డౌన్‌లోడ్స్ ఫోల్డరే ఆక్రమించింది. పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16లు, ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్ల ఫైళ్ళు, వాట్సాప్ వెబ్ నుంచి దించుకున్న ఫొటోలు అన్నీ అక్కడే కలగాపులగంగా ఉన్నాయి. సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ సెన్స్ ద్వారా, తెరవకుండా ఉండిపోయిన ఫైళ్ళను 1, 14, 30 లేదా 60 రోజుల తరువాత దానంతట అదే తొలగించేలా పెట్టుకోవచ్చు. 60 పెట్టుకుంటే ఇక ఏ చింతా ఉండదని మా ఆఫీసులో ఒకరు చెప్పారు. అలా చేయడం మంచిదేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఖాళీ బల్ల:
నిస్సందేహంగా మంచిదే. దించుకున్న ఫైలు మొదట వచ్చి పడే వాకిలి డౌన్‌లోడ్స్ ఫోల్డర్. అక్కడి నుంచి ఇంట్లోకి తీసుకువెళ్ళవలసినదాన్ని తీసుకువెళ్ళాలి, మిగిలినదాన్ని ఊడ్చేయాలి. రెండు నెలల పాటు ఒక్కసారి కూడా తెరవని ఫైలు మీకు అవసరమని ఏ ఆధారంతో అనుకోవాలి? ఇంకొక విషయాన్ని చాలామంది గమనించరు. వన్‌డ్రైవ్ బ్యాకప్ పెట్టుకున్నవారికి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు భద్రమవుతాయి గాని డౌన్‌లోడ్స్ అందులో చేరదు. అంటే ముఖ్యమైన ఫైళ్ళను అక్కడే వదిలేసేవారు వాటిని రక్షణ లేని చోట వదిలేస్తున్నారు. ఇక పాత ఇన్‌స్టాలర్లను ఒక్కటి కూడా మిగల్చకండి. ఆ సాఫ్ట్‌వేర్ మళ్ళీ కావలసివస్తే తయారు చేసిన సంస్థ సైటు నుంచి కొత్తది దించుకోవడమే క్షేమం, ఎందుకంటే పాత వెర్షన్లలోని భద్రతా లోపాలను ఆ తరువాతి వెర్షన్లలోనే సరిదిద్దుతారు.

పాత పుస్తకాల మనిషి:
ఇన్‌స్టాలర్ల విషయంలో నాకు అభ్యంతరం లేదు. కాని మెదక్ చదువరి గారు మొదట పేర్కొన్నది పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులను, వాటి గురించి మీరు ఒక్క మాట కూడా అనలేదు. వాటిని ఇన్‌స్టాలర్లతో కలిపి 60 రోజుల లెక్కలో వేయడం నాకు బాధ కలిగించింది.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను వాడినవారు ఇక్కడ చాలామంది ఉండే ఉంటారు. రాజ్ రెడ్డి గారి పూనికతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం చేపట్టిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగంగా, బెంగళూరులోని ఐఐఎస్‌సీ, హైదరాబాద్‌లోని ఐఐఐటీ వంటి సంస్థలు చేయి వేయగా, వేల కొద్దీ తెలుగు పుస్తకాలు అందులోకి చేరాయి. ఆ సైటులో ఒక్కో పేజీ విడి టిఫ్ బొమ్మగా తెరుచుకునేది. ఆ పేజీలను వరుసగా దించి పీడీఎఫ్‌గా కుట్టడానికి వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళం, అది రాత్రంతా నడిచేది. తరువాత కాపీహక్కుల ఫిర్యాదుల కారణంగా ఆ సైటు మూతపడింది. సైటు ఉన్నన్నాళ్ళూ "ఎప్పుడైనా దించుకోవచ్చులే" అనుకున్నవారికి ఆ తలుపు అలా మూసుకుపోయింది. రెండు నెలలుగా తెరవలేదన్న కారణంతో అటువంటి ఫైలును యంత్రం చేత తుడిపించమని మీరు సలహా ఇస్తున్నారు.

ఖాళీ బల్ల:
ఆ పుస్తకాలలో అత్యధిక భాగం ఇప్పుడు, పుస్తకాలను ఉచితంగా అందించే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో ఉంది కదా? డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతోనే అక్కడ ఒక విభాగం ఉంది. అక్కడ ఉన్నదాన్ని ఇక్కడ కూడా దాచుకోవడం స్థలాన్ని వృథా చేయడమే. మీరు మూతపడిన ఒక సైటును చూపించి ప్రతి ఫైలూ అపురూపమైనదని నిరూపించాలని చూస్తున్నారు.

నెట్ సెంటర్, అమలాపురం:
మా దగ్గర రోజూ రాత్రి షట్టర్ దించే ముందు అన్ని కంప్యూటర్లలో డౌన్‌లోడ్స్ ఖాళీ చేస్తాము, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తాము. జనం ఈ-ఆధార్ దించుకుని ప్రింటు తీసుకుని వెళ్ళిపోతారు, ఫైలు మాత్రం మా దగ్గరే ఉండిపోతుంది. దాని పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ మనిషి పేరు, పుట్టిన ఏడు ముందే తెలిసినవాడి చేతిలో ఫైలు పడితే అది తాళమే కాదు.

ఖాళీ బల్ల:
చక్కగా చెప్పారు. ఇంటి కంప్యూటర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ఆధార్, పాన్, బ్యాంకు కాగితాలు డౌన్‌లోడ్స్‌లో ఎన్నాళ్ళు ఉంటే అంత ప్రమాదం.

పాత పుస్తకాల మనిషి:
నెట్ సెంటర్ వారు చేస్తున్న పని సరైనదే, అభినందనీయం కూడా. అక్కడ ఫైలు ఎవరిదో, కంప్యూటర్ ఎవరిదో వేరు వేరు. ఇంట్లో ఆ రెండూ ఒక్కరివే. ఆ ఉదాహరణను పట్టుకుని ఆర్కైవ్ సంగతిని దాటవేయకండి.

ఆర్కైవ్‌లో ఉందన్నారు. 2024 అక్టోబరులో ఆ సైటుపై సైబర్ దాడి జరిగి రోజుల తరబడి తెరుచుకోలేదన్నది అందరికీ తెలిసినదే. అది తిరిగి లేచి నిలబడింది, సంతోషం. యాహూ గ్రూపులు లేవలేదు. రచ్చబండ వంటి యాహూ గ్రూపులలో ఏళ్ళ తరబడి తెలుగువారు సాగించిన చర్చలకు ఆశ్రయమిచ్చిన ఆ సేవ 2019 చివరలో పాత సందేశాలను సైటు నుంచి తీసివేసి, 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడింది. ముందుగా ఎవరైనా దించి భద్రపరచిన సందేశాలే చాలావరకు మిగిలాయి. పైగా మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళ పాటు కాపీహక్కు ఉంటుంది కాబట్టి, ఆ గడువు తీరని పుస్తకాన్ని ఆర్కైవ్ నుంచి ఏ రోజైనా తీసివేయవచ్చు.

ఫ్రీమాంట్ తెలుగు:
ఇంత చర్చ ఎందుకండీ? ఎవ్రీథింగ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. పేరులో ఒక ముక్క కొడితే క్షణంలో ఫైలు దొరుకుతుంది. సర్దవలసిన అవసరమే లేదు.

ఖాళీ బల్ల:
అది పేర్లను వెతికే సాధనం. పేరే లేని ఫైలును ఎలా వెతుకుతుంది? "స్కాన్ 0007", "డాక్యుమెంట్ (3)" అని ఉన్నవాటిలో ఏ ముక్క కొట్టాలి?

పాత పుస్తకాల మనిషి:
ఈ ఒక్క విషయంలో ఖాళీ బల్ల గారితో ఏకీభవిస్తున్నాను. తెలుగు ఫైళ్ళకు ఈ ఇబ్బంది రెండింతలు. స్కాన్ పుస్తకం బొమ్మల కట్ట, అందులో వెతకడానికి అక్షరమే ఉండదు. "అను" అనే పాత తెలుగు ఫాంట్లతో డీటీపీ చేసిన పత్రికల పీడీఎఫ్‌లలో అక్షరం ఉన్నా అది కంప్యూటర్లన్నీ తెలుగుగా గుర్తించే యూనికోడ్ పద్ధతిలో ఉండదు కాబట్టి, తెలుగులో ఏ మాట వెతికినా ఫలితం రాదు. ఆర్కైవ్‌లోని ఆ విభాగం నుంచి దించిన చాలా ఫైళ్ళ పేర్లేమో "2015" అని మొదలై, ఒక అంకె, ఆ పైన ఇంగ్లీషు లిపిలో తరచు తప్పులతో రాసిన పుస్తకం పేరు. అందుచేత లోపల వెతకడం గురించి మాట్లాడేవారు తెలుగు ఫైళ్ళతో పని చేయనివారై ఉండాలి.

ఖాళీ బల్ల:
అయితే మీ వాదనను మీరే కొట్టివేసుకున్నారు. లోపల వెతకలేము, పేరూ సరిగా లేదు. అటువంటి ఫైళ్ళు వేలు పోగుచేసి ఏం సాధించారు? సూటిగా చెబుతాను, నొచ్చుకోకండి: మీరు చేస్తున్నది పుస్తక సేవ కాదు, కూడబెట్టడం. ఒకే పుస్తకం మూడు ప్రతులు మీ దగ్గర ఉండే ఉంటాయి.

పాత పుస్తకాల మనిషి:
ఉంటాయి, కావాలనే ఉంచాను. ఒక గ్రంథాలయపు ప్రతిలో ముఖపత్రం చిరిగి ఉంటుంది, మరొక దాని ప్రతిలో మధ్యన ఎనిమిది పేజీలు స్కాన్ కాలేదు. రెండూ కలిస్తే గాని పూర్తి పుస్తకం కాదు. ఒకే పేరు ఉన్నంత మాత్రాన ఒకే ఫైలు కాదు. బ్రౌజర్ చివర (1) తగిలించిన ఫైలు నిజంగా అదే ఫైలా అన్నది తెలుసుకోవాలంటే రెండింటి ఎస్‌హెచ్‌ఏ-256 విలువలను, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే వేలిముద్ర వంటి అంకెలను, సరిపోల్చాలి. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ అని, పక్కన ఫైలు పేరు కొడితే ఆ విలువ వస్తుంది. అవి ఒకటే అయితే నిర్భయంగా ఒకదాన్ని తీసివేయవచ్చు. అది చేయకుండా పేరు చూసి తుడిచేవారి వల్ల జరిగే నష్టం ఎటువంటిదో నాకు తెలుసు. మా బంధువుల అబ్బాయి నాకు మేలు చేస్తున్నాననుకుని నా కంప్యూటర్‌ను "శుభ్రం" చేశాడు. అతనికి అవన్నీ అంకెల పేర్లున్న చెత్త ఫైళ్ళు. ఎస్‌ఎస్‌డీలో, తుడిచిన ఫైళ్ళ చోటును ఖాళీ చేసే ట్రిమ్ అనే ఏర్పాటు పని చేస్తూ ఉంటుంది కాబట్టి, తుడిచిన ఫైలు రీసైకిల్ బిన్ నుంచి కూడా పోయాక సాధారణంగా ఏ రికవరీ సాఫ్ట్‌వేర్‌కూ అందదు. ఆ రోజు పోయిన వాటిలో నేను పేజీ పేజీ కుట్టిన పుస్తకాలు ఉన్నాయి. అందుకే "ఊడ్చేయండి" అన్న మాట వింటే నాకు కోపం వస్తుంది. మీరు ఆ అబ్బాయి లాగే మాట్లాడుతున్నారు.

చర్చా నిర్వాహకులు:
సభ్యులు వ్యక్తుల మీదకు వెళ్ళకుండా విషయం మీద ఉండవలసిందిగా మనవి.

ఖాళీ బల్ల:
నిర్వాహకుల మాటను గౌరవిస్తాను. కాని నన్ను ఆ అబ్బాయితో పోల్చారు కాబట్టి, నేను ఈ విషయంలో ఎందుకింత పట్టుదలగా ఉన్నానో చెప్పవలసి ఉంది.

మా నాన్నగారు పోయినప్పుడు ఆయన జీవిత బీమా పాలసీ కోసం మేము వెతకని చోటు లేదు. కాగితం దొరకలేదు. ఆయన దాన్ని దించుకుని కంప్యూటర్‌లో పెట్టుకున్నానని అమ్మతో అన్నారట. డౌన్‌లోడ్స్ తెరిస్తే ఏళ్ళ తరబడి పేరుకున్న ఫైళ్ళు, దాదాపు అన్నిటికీ సంస్థలు పెట్టిన అంకెల పేర్లే. కర్మకాండలు జరుగుతున్న ఇంట్లో, వచ్చేవారూ పోయేవారూ ఉండగా, నేనూ చెల్లెలూ ఒక్కొక్కటీ తెరిచి చూస్తూ కూర్చున్నాము. అందులో పొలం తాలూకు ఈసీ ఉంది, అమ్మ వైద్య పరీక్షల రిపోర్టులు ఉన్నాయి, ఆయన ఎన్నడూ చదవని సరుకుల కరపత్రాలు కూడా ఉన్నాయి, అన్నీ పక్కపక్కనే. పాలసీ చివరికి దొరికింది గాని, ఆయన ఒక్క నిమిషం వెచ్చించి దానికి ఒక పేరు పెట్టి ఉంటే అమ్మ అంత దిగులు పడేది కాదు. పుస్తకాలను ద్వేషించి నేను ఈ మాటలు అనడం లేదు. దాచుకున్నవారు తమ తలలో పెట్టుకున్న పటం వారితోనే పోతుంది. ఆ తరువాత ఆ కుప్ప ఇంట్లోవారి మెడకు చుట్టుకుంటుంది.

పాత పుస్తకాల మనిషి:
మీ నాన్నగారి విషయం చదివి మనసు కలతపడింది. మీరు ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను వేరే విధంగా రాసేవాడిని.

ఇప్పుడు మన మధ్య తేడా ఎక్కడ ఉందో నాకు తెలుస్తున్నది. తుడవాలా వద్దా అన్న దగ్గర కాదు అది ఉన్నది. మీరు ఇంట్లోవారి కోసం ఆలోచిస్తున్నారు: నా తరువాత వచ్చేవారికి భారం మిగలకూడదు. నేను ఆ పుస్తకాన్ని ఎన్నడైనా వెతికే ముక్కూముఖం తెలియని పాఠకుడి కోసం ఆలోచిస్తున్నాను. అతనికి నేను ఉంచకపోతే మరొకరు ఉంచుతారన్న నమ్మకం నాకు లేదు. ఈ రెండు బాధ్యతల్లో ఏది ముందన్న దగ్గర మనం ఒకటి కాలేమేమో. కాని తేదీ మాత్రం ఈ రెండింటిలో దేనికీ కొలత కాదు. మీ నాన్నగారు పాలసీని దించుకున్న తరువాత 60 రోజుల్లో మళ్ళీ తెరిచి ఉండరు. మీరు చెప్పిన స్టోరేజ్ సెన్స్ ఆయన కంప్యూటర్‌లో ఉండి ఉంటే, మీరు వెతికిన ఫైలు అక్కడ ఉండేదే కాదు.

ఖాళీ బల్ల:
ఆ చివరి వాక్యానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. అయినా పేరు పెట్టని ఫైలు ఉన్నట్టు కాదన్న మాట నుంచి నేను కదలను. మీ తెలియని పాఠకుడికి కూడా అంకెల పేర్లతో ఉన్న వేల ఫైళ్ళను చేతిలో పెడితే అతడు చేయగలిగింది ఏమీ లేదు.

మెదక్ చదువరి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. స్టోరేజ్ సెన్స్‌లో డౌన్‌లోడ్స్ ఎంపికను "ఎప్పటికీ వద్దు" అని మార్చాను. ఇన్‌స్టాలర్లు మాత్రం నిన్న రాత్రే తీసివేశాను, ఆశ్చర్యంగా చాలా స్థలం దానితోనే వచ్చింది. బ్యాంకు, పన్ను కాగితాలను సంవత్సరం వారీగా డాక్యుమెంట్స్‌లోకి మార్చి, ఆ ఫోల్డర్ ఎక్కడ ఉందో మావారికి చూపించాను. పుస్తకాలను ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి మార్చి, తెలుగులో పేర్లు పెట్టాలని అనుకుంటున్నాను. ఆ పొడవాటి అంకెలు తీసేయవచ్చా?

పాత పుస్తకాల మనిషి:
దయచేసి తీయకండి, చివరన ఉంచండి. ముందు రచయిత, తరువాత పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, చివర ఆ అంకె. ఆ అంకె ఉంటేనే రేపు ఇది ఏ ప్రతి అన్నది ఎవరైనా పోల్చి చూడగలరు. మరొక జాగ్రత్త కూడా ఉంది. విండోస్‌లో దించుకున్న చాలా ఫైళ్ళకు, అవి ఏ చిరునామా నుంచి వచ్చాయో చెప్పే చిన్న గుర్తు ఫైలుకు అంటుకుని ఉంటుంది. ఎన్‌టీఎఫ్ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులో అది నిలుస్తుంది, ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులోకి కాపీ చేస్తే రాలిపోతుంది. కాబట్టి మార్చేముందు మీ డిస్కు ఏ పద్ధతిలో ఉందో చూసుకోండి.

ఖాళీ బల్ల:
అంకె ఉంచండి, కాని పేరు మరీ పొడవు చేయకండి. ఫోల్డర్ల దారితో సహా 260 అక్షరాలు దాటితే విండోస్‌లో చాలా సాఫ్ట్‌వేర్లు ఆ ఫైలును తెరవలేక మొరాయిస్తాయి. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి, కంటికి చిన్నగా కనిపించే పేరు కూడా ఆ హద్దును త్వరగా చేరుకుంటుంది. ముద్రణ సంవత్సరం అక్కరలేదని నా అభిప్రాయం.

పాత పుస్తకాల మనిషి:
సంవత్సరం తప్పకుండా ఉండాలి. మొదటి ముద్రణకూ, మార్పులతో వచ్చిన మలి ముద్రణకూ తేడా తెలిపేది అదొక్కటే. స్థలం చాలకపోతే ఫోల్డర్ పేరును కుదించండి.