మోకీలు మార్పిడి తర్వాతి నొప్పి గురించి ముందే అంతా చెప్పాలా? (చర్చ)

ఎడమకాలు:
మోకీలు మార్పిడికి సిద్ధమవుతున్న మనిషికి, ఆ తర్వాతి వారాల్లో నొప్పి ఎంత ఉంటుందో, అది మనసును ఎలా కుంగదీస్తుందో దాపరికం లేకుండా ముందే చెప్పాలా? లేక ధైర్యం చెడకుండా కొంతే చెప్పి, మిగిలినది ఎదురైనప్పుడు చూసుకోవాలా? ఇదే నేను చర్చకు పెడుతున్న ప్రశ్న.

నా ఎడమ మోకీలు మార్చి ఇప్పుడు రెండో నెల నడుస్తోంది. మరుసటి రోజే లేపి నడిపిస్తామని నాకు చెప్పారు, అన్నట్టుగానే నడిపించారు. నరానికి ఇచ్చిన తిమ్మిరి మందు ప్రభావం పూర్తిగా దిగిన తర్వాతే అసలు నొప్పి తెలుస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. రాత్రిపూట ఏ పక్కకు ఒత్తిగిలినా నిద్ర పట్టదని గాని, కుట్లు మానుతున్న రోజుల్లోనే కారణం తెలియని ఏడుపు ముంచుకొస్తుందని గాని, ఎలాగోలా నడుస్తున్న కాలిని చేతులారా కోయించుకున్నానే అన్న పశ్చాత్తాపం పట్టుకుంటుందని గాని చెప్పినవారు లేరు. నన్ను నొప్పి కంటే ఎక్కువగా బాధించింది, అందరూ హాయిగా కోలుకుంటుంటే నాకొక్కరికే ఏదో తేడా చేసిందేమోనన్న అనుమానం. అందుకే అంతా ముందే చెప్పాలన్నది నా అభిప్రాయం. కాదనేవారి వాదన కూడా వినాలని ఉంది.

పెద్దకూతురు:
నేను కాదనేవారిలో ఒకరిని. మా అమ్మ ఈ శస్త్రచికిత్సను భయంతోనే ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ వచ్చింది. ఎట్టకేలకు ఒప్పుకున్న తర్వాత, తెలిసినవారొకరు వచ్చి తాము పడిన బాధనంతా పూసగుచ్చినట్టు చెప్పి వెళ్లారు. ఆ రోజు నుంచి ఆమెకు సరిగ్గా నిద్ర లేదు.

భయపడే మనిషికి నొప్పి ఎక్కువగా తెలుస్తుందనేది కేవలం పెద్దల మాట కాదు. నొప్పిని తలచుకుని అదే పనిగా మథనపడటం, దాన్ని ఉన్నదానికంటే భయంకరంగా ఊహించుకోవడం, ఇక చేసేదేమీ లేదని నీరుగారిపోవడం అనే మూడింటినీ కొలవడానికి 1995లో 13 ప్రశ్నల కొలమానం ఒకటి తయారైంది. శస్త్రచికిత్సకు ముందు ఈ కొలమానంలో ఎక్కువ మార్కులు వచ్చినవారిలో, మోకీలు మార్చిన తర్వాత కూడా నొప్పి ఎక్కువగా మిగలడాన్ని పలు అధ్యయనాలు గమనించాయి. అలాంటప్పుడు, ముందే వణుకుతున్న మనిషి ముందు మీ రాత్రుల వర్ణనంతా పెట్టడం వల్ల ఒరిగేదేమిటి? నొప్పి ఎలాగూ వచ్చేదే. దాని గురించిన బెంగను నెల ముందే తెచ్చిపెట్టడం దేనికి?

గోనియోమీటరు:
నేను ఫిజియోథెరపిస్టును. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో కొలిచే పరికరం పేరే ఇక్కడ పెట్టుకున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది దాన్ని చూస్తేనే ముఖం తిప్పుకుంటారు.

పెద్దకూతురు గారూ, మీ అమ్మగారికి జరిగినదాన్ని సమాచారం ఇవ్వడం అనలేము. ఒకరు తమ బాధను తెచ్చి మరొకరి మీద దించి వెళ్లారు, అంతే. ఫలానా చోట, ఫలానా కారణం వల్ల, ఇంతకాలం నొప్పి ఉంటుంది, అప్పుడు ఇలా చేయాలి అని చెప్పడం వేరు. దానికి ఒక పాత ఆధారం ఉంది. 1964లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు, పొట్టకు శస్త్రచికిత్స చేయించుకునే 97 మందిపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. వారిలో కొందరికి నొప్పి ఎక్కడ వస్తుందో, ఎంత తీవ్రంగా ఉంటుందో, ఎంతకాలం ఉంటుందో, అప్పుడు కండరాలను ఎలా సడలించుకోవాలో, పక్కకు ఎలా తిరగాలో ముందే వివరంగా చెప్పి, తర్వాత కూడా వచ్చి పలకరిస్తూ ఉన్నారు. మిగిలినవారితో పోలిస్తే వీరికి మత్తు కలిగించే నొప్పి మందుల అవసరం దాదాపు సగానికి తగ్గింది. ఎవరు ఏ గుంపులో ఉన్నారో తెలియని శస్త్రవైద్యులు వీరిని సగటున 2.7 రోజుల ముందే ఇంటికి పంపారు.

మోకీలు విషయంలో కారణం చెప్పడం ఇంకా అవసరమని నేను అనుకోవడానికి తొడ ముందు భాగపు కండరమే ఆధారం. శస్త్రచికిత్స తర్వాత మొదటి నెలలో దాని బలం అంతకు ముందున్న దానిలో సగం కంటే తక్కువకు పడిపోతుంది. కీలులోని వాపు, నొప్పి కలిసి ఆ కండరానికి వెళ్లే ఆజ్ఞను వెన్నుపాము దగ్గరే అణచివేస్తాయి కాబట్టి, మనిషి ఎంత గట్టిగా అనుకున్నా పడుకున్న చోట కాలు నిటారుగా పైకి లేవదు. ఈ సంగతి తెలియని రోగి తనను తాను సోమరిగా, పిరికివాడిగా లెక్కవేసుకుంటాడు. తెలియని ఇంటివారు కూడా అదే మాట పైకే అంటారు. మచ్చకు బయటి వైపు చర్మం మొద్దుబారడం, కీలు నెలల తరబడి వెచ్చగా ఉండటం, నడుస్తుంటే లోపల టిక్కుమనే చప్పుడు రావడం కూడా ఇలాంటివే. ముందే చెబితే ఇవి మామూలు సంగతులు. చెప్పకపోతే ఒక్కొక్కటీ ఒక్కో రాత్రి నిద్రను తినేస్తుంది.

పెద్దకూతురు:
1964 నాటి పొట్ట శస్త్రచికిత్సను మోకాలికి అతికించడం అంత తేలిక కాదు. మోకాలి మీదే జరిగిన ప్రయోగం ఒకటుంది. దాని ఫలితాలు 2019లో వచ్చాయి. నేను పైన చెప్పిన కొలమానంలో భయం ఎక్కువగా ఉందని తేలిన 402 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు నొప్పిని మానసికంగా తట్టుకునే నేర్పును ప్రత్యేకంగా బోధించారు, రెండో గుంపుకు కీళ్లవాతం గురించి పాఠాలు చెప్పారు, మూడో గుంపుకు మామూలు సంరక్షణ మాత్రమే ఇచ్చారు. చివరకు మూడు గుంపుల మధ్య నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. శిక్షణ పొందిన శిక్షకులు పనిగట్టుకుని నేర్పితేనే రాని మేలు, మనం నాలుగు మాటలు ముందుగా చెబితే వస్తుందా?

గోనియోమీటరు:
మంచి ప్రశ్న. అయితే ఆ ప్రయోగంలో మీ వాదనకు అడ్డుపడే సంగతి కూడా ఒకటుంది. అంతగా భయపడినవారు సైతం మూడు గుంపుల్లోనూ ఏడాది తిరిగేసరికి బాగా కోలుకున్నారు. కాబట్టి ముందు భయపడిన మనిషి తర్వాత తప్పక చెడిపోతాడన్న లెక్క నిలవదు. పైగా వారు ప్రధానంగా కొలిచింది ఏడాది నాటి నొప్పిని. ఎడమకాలు గారు అడుగుతున్నది మూడో వారం రాత్రి రెండు గంటలకు వచ్చే ఏడుపు గురించి. దానికి ఆ ప్రయోగంలో జవాబు వెతకడం న్యాయం కాదు.

రెండోమోకాలు:
నా రెండు మోకీళ్లనూ కొన్నేళ్ల తేడాతో మార్చారు. మొదటిదానికి ఏమీ తెలియకుండా వెళ్లాను, రెండోదానికి అన్నీ తెలిసి వెళ్లాను. అందువల్ల ఈ చర్చలో రెండు పక్షాల గురించీ కొంత మాట్లాడగలను.

తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గలేదు. ఈ మాట స్పష్టంగా చెప్పకుండా, ముందే తెలుసుకుంటే చాలు అనేవారి మీద నాకు నమ్మకం లేదు. తగ్గినది నొప్పికి పైన పేరుకునే దిగులు. మొదటిసారి ప్రతి ఉదయం కాలు చూసుకుని, నిన్నటికంటే వాపు పెరిగిందంటూ కుంగిపోయేదాన్ని. రెండోసారి నిన్నటితో పోల్చడం మానేసి, వారానికొకసారి మాత్రమే వెనక్కి తిరిగి చూసుకున్నాను. వ్యాయామం ఎక్కువైన మరుసటి రోజు వాపు పెరగడం వెనకడుగు కాదని అప్పటికే తెలుసు. వ్యాయామానికి ముందు నొప్పి మాత్ర పనిచేయడానికి కాస్త వ్యవధి ఇవ్వడం, రాత్రి మాత్రను నొప్పి ముదిరిన తర్వాత కాక వైద్యులు చెప్పిన వేళకే వేసుకోవడం, మోకాలి కింద మెత్తటి దిండు పెట్టుకోవాలన్న కోరికను చంపుకోవడం (అలా పెడితే కాలు పూర్తిగా చాపుకోవడం పోతుంది) అప్పటికి అలవాటైన పనులు. మొదటిసారి, కాస్త తగ్గింది కదా అని మత్తు కలిగించే నొప్పి మందును ఒక్కసారిగా ఆపేశాను. ఆ తర్వాత పట్టుకున్న చికాకు, నిద్రలేమి, దిగులు ఆ మందు ఆపడం వల్ల కూడా కావచ్చని ఎవరూ చెప్పలేదు. అలాంటి మందులను వైద్యుల సలహాతో కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. నిద్ర చెడితే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే నిద్ర చెడుతుంది. ఈ రెండింటి మధ్య చిక్కుకున్న మనిషికి ధైర్యవచనాల కంటే ఒక రాత్రి సరైన నిద్ర ఎక్కువ మేలు చేస్తుంది.

అయితే తెలియడంలోనూ ఒక ఇబ్బంది ఉంది. మొదటి కాలు ఏ వారంలో ఎంత వంగిందో గుర్తుండటం వల్ల, రెండో కాలు అంతకంటే వెనకబడినప్పుడల్లా మనసు చెదిరేది. ఒకే మనిషి రెండు కాళ్లే ఒకేలా కోలుకోనప్పుడు, పక్కింటివారి కాలితో పోల్చడంలో అర్థం లేదు. కాబట్టి చెప్పేవారు తేదీలు పెట్టి చెప్పకూడదు. మొదటి కొన్ని వారాలు కష్టంగా ఉంటుంది, ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య చాలామందికి తెరిపి తెలుస్తుంది, పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది పట్టవచ్చు అన్నంత వరకు చెబితే చాలు. ఇంటికి వచ్చేవారికి కూడా ఒక మనవి: "ఇంకా తగ్గలేదా?" అన్న పలకరింపును దయచేసి మానండి.

ఐదోమనిషి:
అందరూ కోలుకున్నవారి తరఫునే మాట్లాడుతున్నారు. మోకీలు మార్చుకున్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలం నొప్పి మిగులుతుందని అధ్యయనాలను సమీక్షించినవారు 2012లో లెక్కగట్టారు. నేను ఆ ఐదో మనిషిని. ఏడాది దాటినా నా నొప్పి పోలేదు.

ధైర్యం చెడుతుందని సత్యాన్ని తగ్గించి చెప్పేవారికి నా అభ్యంతరం ఇది. నొప్పి మామూలే, ఓర్చుకుంటే తగ్గిపోతుంది అని అందరూ అంటూ ఉంటే, తగ్గని మనిషి తనలోనే ఓర్పు తక్కువని నమ్మేస్తాడు. నేను అలాగే నమ్మి, ఎక్కువగా ఫిర్యాదు చేసే మనిషినన్న పేరు వస్తుందని వైద్యుల దగ్గర కూడా నొప్పిని తగ్గించి చెబుతూ వచ్చాను. కీలు బిగుసుకుపోతోందని తేలేసరికి ఆలస్యమైంది. బిగుసుకున్న కీలును మత్తు ఇచ్చి వంచే చికిత్స సాధారణంగా మొదటి మూడు నెలల్లోపు చేస్తేనే మెరుగైన ఫలితం ఉంటుందట; ఆ మాట నా చెవిన పడేటప్పటికి ఆ గడువు దాటిపోయింది. ధైర్యం చెప్పడం వల్ల ఏ నష్టమూ ఉండదనుకునేవారు ఈ నష్టాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

మనసు సంగతి కూడా అంతే. కొన్నాళ్ల ఏడుపు వేరు, వ్యాధిగా మారిన కుంగుబాటు వేరు. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండి, ఇంతకుముందు ఇష్టమైనది ఏదీ పట్టకపోతే, వ్యాయామం చేయడానికి కూడా మనసు రాకపోతే వైద్యుడికి చెప్పాలి. బతకడం ఎందుకు అనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. నొప్పిని ఇంద్రియానుభవంగా మాత్రమే కాక భావోద్వేగానుభవంగా కూడా నిర్వచించి, నొప్పి అధ్యయనానికి ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 1979లోనే ఆమోదించింది. మన ఇళ్లల్లో మాత్రం కాలి నొప్పిని వైద్యుడికి, మనసు నొప్పిని దిండుకు చెప్పుకుంటున్నాము.

పెద్దకూతురు:
ఐదోమనిషి గారూ, మీరు రాసినది చదివాక నా వాదనలో సగం వదులుకుంటున్నాను. తగ్గని నొప్పిని దాచుకునే పరిస్థితి మా అమ్మకు రాకూడదు. మిగిలిన సగం మాత్రం వదలను. ఎంత చెప్పాలన్నది వినే మనిషిని బట్టి ఉండాలి. ఇంటివారికి అంతా చెప్పి, రోగికి ఆమె అడిగినంతే చెబితే సరిపోదా?

ఎడమకాలు:
సరిపోదని నా ఉద్దేశం. కోయించుకునేది ఆమె కాలు, సంతకం పెట్టేది ఆమె చెయ్యి. తనకు తెలియనిది ఇంటిల్లిపాదికీ తెలుసని ఏ అర్ధరాత్రో అర్థమైతే, అప్పటి నుంచి ఆమె మీరు చెప్పే ఊరటను కూడా నమ్మదు. నా విషయంలో అదే జరిగింది. ఇప్పుడు నాకు బాగానే ఉందని ఎవరు అన్నా, ఇంకేదో దాస్తున్నారనే అనిపిస్తుంది.

పెద్దకూతురు:
ఆమే స్వయంగా "నాకేమీ చెప్పవద్దు" అంటే?

రెండోమోకాలు:
అప్పుడు చెప్పవద్దు, అది ఆమె హక్కు. కానీ మూడు సంగతులను మాత్రం ఆమె వద్దన్నా ఆమెకే చెప్పండి, ఎందుకంటే వాటిని ముందుగా గమనించగలిగేది ఆమే. మొదటిది, పిక్కలో కొత్తగా వాపు, నొప్పి వచ్చినా, గాయం నుంచి ద్రవం కారినా, జ్వరం వచ్చినా వెంటనే వైద్యుడికి చెప్పాలి. ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి. రెండోది, రాత్రి మాత్ర వేళ తప్పకూడదు. మూడోది, ఏడుపు వస్తే దాచుకోనక్కరలేదు. ఇందులో మూడోదాన్ని మీరు చెబితే చాలదు, ఆమె ఏడ్చినప్పుడు ఇంట్లో ఎవరూ "ఊరుకో" అనకుండా మీరే చూసుకోవాలి.