సమస్య: “నదియె నవల వ్రాసె నవ్వు లేల”

పాతకలం: ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇచ్చేశాను, మిగతా మూడూ మీవి. నది నవల రాయడమేంటని కంగారు పడకండి. 1903లో బీహార్ మోతిహారీలో పుట్టి, బర్మాలో ఐదేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, అది రోసి మానేసి రాతల్లో పడ్డ ఇంగ్లీషు నవలాకారుడు, పత్రికా రచయిత ఎరిక్ బ్లేర్‌ని తలుచుకోండి. 1933లో తొలి పుస్తకం వస్తుంటే, పారిస్ హోటల్లో అంట్లు తోమిన సంగతులు ఇంట్లోవాళ్లకి నామోషీ అని పేరు మార్చుకున్నాడు. ఇంగ్లండ్‌లోని సఫక్‌లో పారే ఏరు ఆర్వెల్, అదే ఆ పేరు: జార్జ్ ఆర్వెల్.

చెరువుగట్టు:
ఇంటి పేరు దాచి యేటి పేరే పెట్టి
బ్లేరు దొరయె నాడు ప్రేమ మీర
పందు లేలు దొడ్డి పశువుల గతి తెల్ప
నదియె నవల వ్రాసె నవ్వు లేల

పాతకలం: యతులు కుదిరాయి. 1945 నాటి పందుల కథ ‘యానిమల్ ఫార్మ్’ ఒక్క పాదంలో ఇమిడిపోయింది. కానీ ఆ “ప్రేమ మీర” ఏంటి మాస్టారూ! పాదం నిండకపోతే అందరం తెచ్చుకునే మాటే, ఒప్పుకుంటా, కాకపోతే ఈయన దగ్గర మరీ ఎబ్బెట్టు. ఆఖరి నవల ‘1984’లో జనాన్ని చిత్రహింసలు పెట్టే చోటుకి ప్రేమ మంత్రిత్వశాఖ అని పేరు పెట్టిన మనిషి.

చెరువుగట్టు: దొరికిపోయా :) గణం కుదిరిందన్న సంబరంలో చూసుకోలేదు.

లఘువు: నాదీ చూడండి. 1937లో స్పెయిన్ యుద్ధంలో ఆయన గొంతులోంచి గుండు దూసుకుపోయింది, తర్వాత క్షయ.

గొంతు దూరె గుండు, కుదుట పడెను గాని
దగ్గు పట్టి పిండె దయయె లేక
జూర దీవిలోన సొమ్మసిల్లెడి వేళ
నదియె నవల వ్రాసె నవ్వు లేల

చెరువుగట్టు: నడక నాదానికంటే బాగుందమ్మా. కానీ ఏరేదీ? పై మూడు పాదాల్లో పేరు ఊసే లేకపోతే సమస్య విడినట్టు కాదు. పైగా ఆయన సొమ్మసిల్లి ఊరుకోలేదు. 1948 చివర్లో స్కాట్లాండ్‌లోని ఆ దీవికి టైపు చేసిపెట్టే మనిషి దొరక్కపోతే, కొట్టివేతలతో నిండిన ఆ ఆఖరి నవల రాతప్రతిని ముందరేసుకుని, దగ్గుకుంటూ మంచంలోనే తనే టైపు చేసుకున్నాడు.

లఘువు: అయ్యో, అవును. మూడో పాదం మార్చా:

యేటి పేరి వాడె యెత్తి పట్టె కలము

టైపు మిషన్ ఏ గణంలోనూ పట్టలేదు, కలంతోనే సరిపెట్టా.

పాతకలం: ఇది నిలబడింది. 1950 జనవరిలో పోయాడు, 46 ఏళ్లే. సమాధి రాయి మీద ఎరిక్ ఆర్థర్ బ్లేర్ అనే ఉంటుంది, ఆర్వెల్ అన్న మాటే లేదు. దాని మీద కందం ఎవరైనా కడతారా? ప్రాసకి “ర్వ” పెట్టుకుంటే గర్వం, పర్వం, ఉర్వి దొరుకుతాయి. ఆదివారం దాకా గడువు.