చేత్తో కుట్టిన పెల్లెట్ సంచి: డబ్బాలో దొర్లించి తేల్చాలా, వాడి తేల్చాలా? (విశాఖ)

అల్లిపురం కుట్టు:
అందరికీ నమస్కారం. ఎయిర్‌గన్ పెల్లెట్లు (గాలి తుపాకీలో పెట్టి పేల్చే చిన్న సీసపు గుళ్లు) వేసుకునే చిన్న సంచులు ఇంట్లో కుట్టి ఇస్తుంటాను. బెల్టుకి తగిలించుకునేవి, మూతి దగ్గర బొందు లాగితే మూసుకునేవి. కాన్వాస్‌వి, జీన్స్ గుడ్డవి, ఈమధ్య తోలువి కూడా. కొనేవాళ్లలో ఎక్కువమంది ప్రాక్టీసుకి వెళ్లే పిల్లలే. ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: "అక్కా, ఎన్నాళ్లొస్తుంది?"

నేను చేసే పరీక్ష చెప్తాను. ఒక్కో పెల్లెట్ 0.53 గ్రాములు అనుకుంటే 500 పెల్లెట్లు 265 గ్రాములు. అంత బరువూ సంచిలో పోసి, బొందు బిగించి, 20 లీటర్ల ఖాళీ పెయింట్ డబ్బాలో వేసి డాబా మీద బాగా దొర్లిస్తాను. తర్వాత నడుము ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద పడేస్తాను. ఆఖరికి సంచిని లోపల వైపు బయటికి తిప్పి కుట్లన్నీ చూస్తాను. పోగు లేస్తే ఆ నమూనా పక్కన పెట్టేస్తాను.

షూటింగ్ రేంజిలో దీని మీద పెద్ద వాదన జరిగింది. "దొర్లిస్తే ఏం తెలుస్తుంది, ఒక వానాకాలం వాడితే కదా తెలిసేది" అని కొందరు. నా మాట ఇది: ప్రతి కొత్త నమూనాకీ వానాకాలం గడిచేదాకా ఆగితే, ముందుగా కొన్న పిల్లల డబ్బుతో నేను పరీక్ష చేసుకున్నట్టు అవుతుంది. అది న్యాయం కాదు. అమ్మకముందే తేలాలి. మీరేమంటారు?

ఎంవీపీ షూటర్:
అక్కా, మీ పని మీద గౌరవంతోనే చెప్తున్నా, డబ్బా పరీక్ష నేను ఒప్పుకోను. 10 మీటర్ల రైఫిల్ మ్యాచ్ అంటే 60 షాట్లు. ప్రాక్టీసులో ఇంకా ఎక్కువ. షాట్ షాట్‌కీ రెండు వేళ్లు సంచి మూతిలోకి వెళ్తాయి, మూతిని సాగదీస్తాయి, ఒక పెల్లెట్ పట్టుకుని బయటికొస్తాయి. వేళ్లకి చెమట ఉంటుంది. ఆ చెమట మూతి అంచుకే అంటుతుంది. డబ్బాలో దొర్లేటప్పుడు మూతి బిగించే ఉంటుంది కదా, మరి అసలు అరిగే చోటుకి పరీక్ష ఎక్కడ జరిగినట్టు?

ఇంకోటి. నా పాత సంచి (మీది కాదు) గుడ్డ ఎక్కడా చిరగలేదు. బెల్టు దూర్చే పట్టీని సంచికి కలిపిన కుట్టు దగ్గర ఊడింది. బండి మీద బీచ్ రోడ్డులో వస్తుంటే జారి పడిపోయింది. డబ్బాలో ఆ పట్టీ మీద బరువే పడదు. వాడితేనే తెలుస్తుంది అనేది అందుకే.

గాజువాక కుర్రాడు:
డాబా మీద దొర్లించడం ఎందుకక్కా, వాషింగ్ మెషీన్‌లో పడేస్తే గంటలో తేలిపోతుంది. పెల్లెట్లు పాడవుతాయనుకుంటే సైకిల్ బేరింగ్ గుళ్లు పోయండి, అవి చవక.

కోచింగ్ 4.5:
తమ్ముడూ, వాషింగ్ మెషీన్ మాట మళ్లీ ఎత్తకు. ఇది పరీక్ష సంగతి కాదు, ఆరోగ్యం సంగతి.

పెల్లెట్ సీసం. వాడిన సంచిని తిరగేసి తెల్ల గుడ్డతో లోపల తుడిచి చూడు, బూడిదరంగు మరక వస్తుంది. పెల్లెట్లు ఒకదానికొకటి రాసుకుని రాలిన సీసం పొడి అది. ఆ సంచిని ఇంట్లో బట్టలు ఉతికే మెషీన్‌లో తిప్పితే ఆ పొడి తర్వాత వేసే పిల్లల గౌన్లకి అంటుతుంది. రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఎదిగే పిల్లల మెదడుకి అది చేసే చెరుపు తిరిగి బాగుపడేది కాదు. సంచిని ఇంటి మెషీన్‌లో వేయకూడదు, వంటింటి సింకులో కడగకూడదు. పెల్లెట్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏదీ తినకూడదు. పెల్లెట్ పళ్ల మధ్య పట్టుకునే అలవాటున్న పిల్లల్ని నేను రేంజి నుంచి బయటికి పంపిన రోజులున్నాయి, మళ్లీ పంపుతాను.

అల్లిపురం అక్కా, మీ డబ్బాకి మూత ఉందా? డాబా మీద పిల్లలు ఆడుకుంటారా? ముందు అది చెప్పండి.

ఇక గట్టిదనం మాట. మీరంతా సంచి గురించే మాట్లాడుతున్నారు, లోపలున్న పెల్లెట్ సంగతి ఎవరూ అడగలేదు. పెల్లెట్ వెనక భాగం, మేం స్కర్ట్ అంటాం, లోపల బోలుగా, అంచు పల్చగా ఉంటుంది. పేల్చినప్పుడు గాలి ఒత్తిడికి ఆ అంచు విచ్చుకుని బ్యారెల్ గోడలకి ఆనాలి. అది ఒకవైపు నొక్కుకుపోతే పెల్లెట్ తిన్నగా పోదు. రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. సంచి పదేళ్లు వచ్చినా లోపల పెల్లెట్లు నొక్కులు పడితే నా లెక్కలో ఆ సంచి ఫెయిల్. మ్యాచ్‌కి డబ్బాలోంచే తీయమంటాను. సంచి ప్రాక్టీసుకే.

షిప్‌యార్డ్ రిటైర్డ్:
నలుగురూ తలో చోట సరైన మాటే పట్టుకున్నారు. ఉద్యోగమంతా వస్తువులు ఎక్కడ విరుగుతాయో వెతకడంలోనే గడిచింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

"వాడితేనే తెలుస్తుంది" అన్న ఎంవీపీ బాబుకి: మీకు తెలిసింది ఒక్క సంచి కథ. పట్టీ ఎందుకు ఊడిందో అందులోంచి తేలదు. దారం కుళ్లిందా, సూది రంధ్రం చీలిందా, ముడి జారిందా? వాడకంలో అన్నీ ఒకేసారి జరుగుతాయి, విడదీయలేం. పరీక్ష అంటే విడదీయడమే. అలాగని డబ్బా ఒక్కటే చాలదు, మీ అభ్యంతరం న్యాయమైనది. ల్యాబుల్లో గుడ్డ అరుగుదలకి మార్టిండేల్ యంత్రం ఉంటుంది, గుడ్డ ముక్కని ఉన్ని గుడ్డ మీద అదే పనిగా రుద్దుతుంది. పరచిన గుడ్డకి అది మంచి పరీక్షే. కానీ సంచి పోయేది పరచిన చోట కాదు, మడత దగ్గర, మూల దగ్గర, కుట్టు దగ్గర.

అందుకని ఒక్కో బలహీనతకి ఒక్కో పరీక్ష పెట్టండి. పట్టీకి: సంచిని పట్టీతోనే మేకుకి తగిలించి, కింద లీటరు నీళ్ల సీసా కట్టి రాత్రంతా వదలండి. అది కిలో బరువు, మీ 265 గ్రాములకి దాదాపు నాలుగింతలు. పరిగెత్తేటప్పుడు, బండి గోతిలో పడ్డప్పుడు వచ్చే కుదుపుకి ఆ మాత్రం లెక్క ఉండాలి. ఆగితే రెండు లీటర్లు కట్టండి. తెగేదాకా పెంచండి. తెగిన చోట బాగుచేసి మళ్లీ కట్టండి. తెగని చోట బలం పెంచుకుంటూ పోవడం దారం దండగ. మూతికి: రెండు వేళ్లు పెట్టి పూర్తిగా తెరవడం, బొందు లాగి మూయడం, అంతే, చెయ్యి నొప్పెట్టేదాకా. బొందు దూర్చే మడత అంచు ముందు నూగు లేస్తుంది. అక్కడ భూతద్దం పెట్టి చూడండి.

బేరింగ్ గుళ్ల సంగతి. ఉక్కు సాంద్రత ఘనపు సెంటీమీటరుకి 7.85 గ్రాములు, సీసానిది 11.34. ఉక్కు గట్టిది, గుండ్రం. పెల్లెట్ మెత్తన, నడుము సన్నం, అంచు పదును. ఒకటి గుడ్డని నున్నగా తోమితే ఇంకోటి పోగుల మధ్య ఇరుక్కుని లాగుతుంది. ముక్కు మొనగా ఉండే పెల్లెట్లయితే నేత వదులుగా ఉన్న గుడ్డలోంచి బయటికే పొడుచుకొస్తాయి. రేంజిలో కిందపడి నొక్కులు పడ్డ పెల్లెట్లు ఎన్నో ఉంటాయి, అవి ఏరి పరీక్షకి వాడండి.

ఇక మన ఊరి తేమ. దీనికి వానాకాలం దాకా ఆగనక్కర్లేదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో ఒక గిన్నె పెట్టి, మామూలు ప్యాకెట్ ఉప్పు కొద్ది నీళ్లతో ముద్దలా తడిపి అందులో ఉంచండి. మూసిన డబ్బాలో గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. ఉప్పు పూర్తిగా కరిగిపోకుండా ముద్దగా ఉన్నంతకాలం అది మారదు. రాళ్ల ఉప్పు వద్దు, అందులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటే లెక్క తప్పుతుంది. సంచి గిన్నెకి తగలకూడదు. కొన్నాళ్లు అందులో, కొన్నాళ్లు ఫ్యాను కింద. బూజు, తోలు గిడసబారడం, టిచ్ బటన్‌కి తుప్పు, అన్నీ బయటపడతాయి.

ఒక ముఖ్యమైన మాట. దొర్లించిన సంచి, బరువు కట్టిన సంచి అమ్మకండమ్మా. పరీక్ష దాని ఆయుష్షు కొంత తినేసింది. ఒకే గుడ్డ, ఒకే దారం, ఒకే చేతి కుట్టుతో ఒక వరస కుట్టి, అందులో మూడు పరీక్షకి బలిచ్చి మిగతావి అమ్మండి.

కంచరపాలెం లెదర్:
సార్ సెప్పింది బాగుంది గాని కుట్టు మాట ఎవులూ ఎత్తలేదు. అమ్మా, నువ్వు మిషను మీద కుడతన్నావా, సేత్తోనా? మిషను కుట్టుకి పైదారం ఒకటి, కిందదారం ఒకటి ఉంటాది. అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి అంతే. ఒక సోట తెగితే పక్కవి వరసగా వదులైపోతాయి. నాను కుట్టేది రెండు సూదుల కుట్టు. ఆరెతో కన్నం ఏసి, ఒకే దారానికి రెండు కొసలా సూదులు పెట్టి, ఒకే కన్నంలోంచి అటూ ఇటూ దూరుస్తాను. ఒక పక్క తెగినా రెండో పక్క పట్టుకునుంటాది. దారానికి మైనం రాస్తే నీరు తాగదు.

ఇంకో ముక్క. దగ్గర దగ్గరగా కుడితే గట్టి అనుకుంటారు. గుడ్డకి అది నిజమే, తోలుకి కాదు. తోలులో కన్నం పడితే పోగులు తెగినట్టే. మరీ దగ్గరగా కన్నాలేస్తే తపాలా బిళ్లలు సింపినట్టు ఆ వరస ఎంబడే సిరుగుతాది.

నా మాటైతే తోలే. ఏ గుడ్డా దాని ముందు నిలబడదు.

ఎంవీపీ షూటర్:
రెండు సూదుల కుట్టు సంగతి బాగా చెప్పారు బాబాయ్. తోలు గురించి మాత్రం వాదిస్తాను. వానలో తడిసి ఆరాక మూతి అట్టలా బిగిసిపోతుంది, వేళ్లు దూరవు. నూలు కాన్వాస్ తడిస్తే ఇంకా బలపడుతుంది. నైలాన్‌కి ఆ గుణం లేదు, పైగా ఎండకి పెళుసవుతుంది.

కోచింగ్ 4.5:
తోలుకి అసలు ఇబ్బంది అది కాదు. తంగేడు పట్ట, తుమ్మ పట్ట, కరక్కాయతో ఊనిన, అంటే శుద్ధి చేసిన, తోలులో పుల్లటి గుణం ఉంటుంది. సేంద్రియ ఆమ్లాల ఆవిరి సీసాన్ని తినేస్తుంది. మ్యూజియంలలో ఓక్ చెక్క అరల్లో దాచిన సీసపు వస్తువులు తెల్ల పొడి పట్టిపోయేది ఆ చెక్క వదిలే ఎసిటిక్ ఆమ్లం వల్లనే. మన ఊరి తేమలో పట్టతో ఊనిన తోలు సంచిలో పెల్లెట్లు నెలల తరబడి వదిలేస్తే తెల్లబడే ప్రమాదం ఉంది. ఆ తెల్ల పొడి కూడా విషమే. నా పిల్లలకి నేను తోలు సంచి చెప్పను.

కంచరపాలెం లెదర్:
పెల్లెట్లు నెలల తరబడి సంచిలో ఎవులు వదిలీమన్నారు సార్? ప్రాక్టీసుకి ఎల్లేముందు పోసుకోవాలి, ఇంటికొచ్చి డబ్బాలో ఒంపీయాలి. అలా సేస్తే ఏ తోలైనా ఒకటే. పైగా ఇప్పుడు బజార్లో దొరికే తోలు సానామట్టుకు క్రోము ఉప్పుల్తో ఊనిందే, పట్టది కాదు.

కోచింగ్ 4.5:
అలా ఒంపేసే పిల్లాణ్ణి చూపించండి, సంతోషిస్తాను. ఆదివారం నింపిన సంచి వచ్చే ఆదివారం దాకా బ్యాగులోనే ఉంటుంది. వస్తువుని జనం ఎలా వాడాలో అలా కాదు, ఎలా వాడుతున్నారో అలా పరీక్షించాలి.

షిప్‌యార్డ్ రిటైర్డ్:
ఇది మాటలతో తేలేది కాదు, పని చేసి చూస్తే తేలుతుంది. పట్ట తోలు సంచి ఒకటి, క్రోము తోలుది ఒకటి, కాన్వాస్‌ది ఒకటి. ఒకే డబ్బాలోంచి తీసిన కొత్త పెల్లెట్లు మూడింట్లోనూ పోసి, ఉప్పు గిన్నె ఉన్న డబ్బాలో పెట్టండి. కాని మూడింటినీ ఒకే డబ్బాలో పెడితే ఒకదాని ఆవిరి ఇంకోదానికి తగులుతుంది. ఒక్కోదానికి ఒక్కో డబ్బా. నాలుగో డబ్బాలో సంచి లేకుండా ఉత్త పెల్లెట్లే గాజు సీసాలో మూత తీసి ఉంచండి. ఊరి తేమ ఒక్కటే చేసే చెరుపు ఎంతో ఆ సీసా చెప్తుంది, మిగిలింది సంచి చేసిన చెరుపు.

అల్లిపురం కుట్టు:
కోచ్ గారూ, డబ్బాకి మూత ఉంది, బిగించే దొర్లిస్తాను. డాబా తలుపు తాళం నా దగ్గరే ఉంటుంది. లోపల తుడిచిన గుడ్డలు వేరే కవరులో కట్టి పెడతాను, ఇంటి చెత్తలో కలపను. సంచితో పాటు చేతులు కడుక్కోవాలన్న చీటీ కూడా ఇకనుంచి కుట్టి పంపుతాను.

ఎంవీపీ తమ్ముడూ, మూతి పరీక్ష, పట్టీ పరీక్ష రెండూ పెడుతున్నాను. కానీ "వాడితేనే తెలుస్తుంది" అన్నది ఇప్పటికీ ఒప్పుకోను. పెల్లెట్లు తీసేటప్పుడు సంచి పిల్లాడి చేతిలో విచ్చిపోయి, సీసం గుళ్లు ఇంట్లో మంచం కిందికి దొర్లిపోయాక తెలిసే నిజం నాకొద్దు. ఆ ఇంట్లో పాకే పాప ఉండొచ్చు.

కంచరపాలెం బాబాయ్ గారూ, పట్ట తోలు ముక్క ఒకటి, క్రోముది ఒకటి మీరే ఇవ్వండి, డబ్బులు ఇస్తాను. మీ కుట్టుతోనే కుట్టండి, నా కుట్టు వల్ల పోయిందన్న మాట రాకూడదు. ఉప్పు డబ్బాలు నాలుగూ మా ఇంట్లో పెడతాను. తెరిచే రోజు కోచ్ గారు ఉండాలి, మీరూ ఉండాలి.

కంచరపాలెం లెదర్:
డబ్బులొద్దమ్మా. రెండూ కుట్టి తెస్తాను. పట్టదానికి లోపల నూలు గుడ్డ అస్తరు ఏసి ఒకటి, ఏయకుండా ఒకటి సేస్తాను, మొత్తం మూడు. డబ్బా ఇంకోటి కొనుక్కో.

ఎంవీపీ షూటర్:
అస్తరు గుడ్డ ఆవిరిని ఆపదు బాబాయ్.

కంచరపాలెం లెదర్:
తెరిసిన్నాడు సూద్దాం.