డీకేటీ (ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చిన) పొలం రిజిస్ట్రేషన్ కావట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

గట్టుమీద: పొద్దుటి నుంచి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కూర్చుని ఇప్పుడే ఇంటికొచ్చా. మా పొలం 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందట, రిజిస్ట్రేషన్ కాదట. పాస్‌బుక్ ఉంది. ముప్పై ఏళ్లుగా సాగు మాదే. ఇరవై ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చని చట్టం వచ్చిందిగా? ఇంకేం కావాలి వీళ్లకి? టెన్షన్‌తో తల పగిలిపోతోంది.

నల్లరేగడి: ఏ రాష్ట్రం? పట్టా ఎవరి పేరున?

గట్టుమీద: ఆంధ్రే అండీ, డీకేటీ అన్నానుగా.

చావడి: ఏ రాష్ట్రమైనా రోగం ఒకటే. 1978లో రాజ్యాంగం 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి పోయింది, 300ఏ అధికరణం కింద మిగిలింది. పేదవాడికి పట్టా ఇచ్చి అమ్మొద్దన్నది 1977 చట్టం. డబ్బున్నవాళ్లు లాగేసుకుంటారన్న భయం నిజమే. కానీ అమ్మకాలు ఆగాయా? తెల్లకాగితాల మీద సాగాయి. పక్క జిరాయితీ (సొంత పట్టా) పొలానికి వచ్చే ధర దీనికి ఎప్పుడూ రాలేదు, బ్యాంకులు కూడా చిన్నచూపే. నష్టపోయింది ఆ పేదవాడే. పట్టాలు పంచినప్పుడల్లా సభ, ఫొటోలు, ఓట్లు. పంచేవాళ్లకు కావలసింది హక్కుదారు కాదు, లబ్ధిదారు.

వానకారు: ఆ ఇరవై ఏళ్ల చట్టం 2024లో రద్దు చేశారు కదా?

చావడి: రద్దయింది ల్యాండ్ టైట్లింగ్ చట్టం. ఇది 2023 అసైన్డ్ భూముల (డీకేటీ లాంటివే) చట్ట సవరణ. రెంటినీ కలిపేయకండి.

వానకారు: ఏదైతేనేం, ఒకరు ఇస్తారు, ఇంకొకరు ఆపుతారు.

చావడి: ఏదైతేనేం అంటే ఎలా? టైట్లింగ్ అంటే హక్కుకు ప్రభుత్వమే పూచీ పడటం. అసలు మన దగ్గర రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన...

నల్లరేగడి: పట్టా ఎవరి పేరున అని అడిగా.

గట్టుమీద: పట్టా, పాస్‌బుక్ రెండూ మాకు అమ్మినాయన పేరునే ఉన్నాయి. నాన్న 94లో ఆయన దగ్గర కొన్నారు. పెద్దమనుషుల ముందు కాగితం రాసుకున్నారు.

నల్లరేగడి: అది ముందు చెప్పాలి. 2023 సవరణ పట్టా పొందినవాళ్లకు, వాళ్ల వారసులకు. కొన్నవాళ్లకు కాదు. 1977 చట్టం రాకముందే కొన్న భూమిలేని పేదలకైతే మినహాయింపు ఉంది, మీకు వర్తించదు. పైగా ఫ్రీహోల్డ్ చేసిన, అంటే అమ్ముకునే హక్కు ఇచ్చిన భూముల రిజిస్ట్రేషన్లు కూడా 2024లో ఆపారు. ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోకండి.

చావడి: నేను చెప్పింది కూడా అదే కదా.

నల్లరేగడి: కాదు.

గట్టుమీద: అడ్వాన్సు తీసేసుకున్నాం అండీ. సరే, లాయర్ని కలుస్తా. థ్యాంక్స్.

వానకారు: టైట్లింగ్ చట్టం ఉండుంటే ఈయనకు పనయ్యేదా?